మీ అడుగు బరువెంత?

తడి ఇసుక మీద నడిస్తే పాదం గుర్తు పడుతుంది. ఉత్త చేతులతో నడిచినవాడి గుర్తు పైపైన ఉంటుంది. బియ్యం బస్తా మోస్తూ నడిచినవాడి గుర్తు లోతుగా దిగుతుంది. మనిషి వెళ్లిపోయినా, అతడు మోసిన బరువు ఎంతో ఆ గుర్తు చెబుతుంది.

మనం ఇసుకలో నడవకపోయినా రోజూ ఈ భూమి మీద ఇలాంటి గుర్తు ఒకటి వేస్తూనే ఉంటాం. లైటు వేసినప్పుడు, అన్నం తిన్నప్పుడు, బండెక్కి బడికి వెళ్లినప్పుడు ఆ గుర్తు పడుతుంది. అయితే అది మన కాలి కింద పడదు. ఏ బొగ్గు గనిలోనో, ఏ వరి మడిలోనో, తల మీద ఉన్న గాలిలోనో పడుతుంది. అందుకే మన కంటికి కనిపించదు.

కంటికి కనిపించని దాన్ని కొలిచి చూపడమే విజ్ఞాన శాస్త్రం చేసే పని. ఈ నెల ఆ పని మీరే చేయండి. ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు. మీ ఇల్లే ప్రయోగశాల, ఏడు రోజులే గడువు.

పాదముద్ర అంటే ఏమిటి?

1990 తర్వాతి సంవత్సరాల్లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్ అనే ఆచార్యుడు, ఆయన శిష్యుడు మాథిస్ వాకర్నాగెల్ ఒక ప్రశ్న వేసుకున్నారు. ఒక మనిషి తినే తిండి, కట్టే బట్ట, కాల్చే ఇంధనం, వీటన్నిటినీ భరించడానికి ఎంత నేల, ఎంత నీటి ప్రాంతం కావాలి? ఆ వైశాల్యానికి వారు పెట్టిన పేరునే మనం తెలుగులో పర్యావరణ పాదముద్ర అంటున్నాం.

ప్రపంచంలో పంటకు, అడవికి, చేపలకు పనికివచ్చే నేలనూ నీటినీ అందరికీ సమానంగా పంచితే తలకు సుమారు ఒకటిన్నర హెక్టార్లు వస్తుంది. అంటే మూడు ముప్పావు ఎకరాలు. కాని ప్రపంచంలో సగటు మనిషి వాడుక రెండున్నర హెక్టార్లకు పైనే ఉంది. ఉన్నదానికంటే ఎక్కువ ఎలా వాడగలం? దాచిన సొమ్ములోంచి తీసి ఖర్చు పెట్టినట్టే! చెట్టు పెరిగే వేగం కంటే ముందుగా చెట్టును కొట్టడం, నేలా సముద్రమూ పీల్చుకోగలిగిన దానికంటే ఎక్కువ కార్బన్ డై ఆక్సైడ్‌ను గాలిలోకి వదలడం, ఇలా మూలధనం తింటున్నాం.

మన దేశంలో సగటు పాదముద్ర ఒక హెక్టారుకు కాస్త అటూ ఇటూగా ఉంది. "అయితే మనం ఫరవాలేదన్నమాట" అని తొందరపడకండి. రెండు కార్లు, మూడు ఏసీలు ఉన్న ఇల్లూ ఆ సగటులోనే ఉంది. ఒకే బల్బు వెలిగే ఒంటిగది ఇల్లూ ఆ సగటులోనే ఉంది. సగటు చూసి మీ సంగతి తెలుసుకోలేరు. మీది మీరే కొలవాలి.

మనిషి పాదముద్రలో సగానికి పైగా భాగం కార్బన్ డై ఆక్సైడ్‌దే. కనుక ముందు దాన్ని కొలుద్దాం. తర్వాత నీటి సంగతి చూద్దాం.

కావలసిన వస్తువులు: ఒక నోటు పుస్తకం, పెన్సిలు, ఇంటి కరెంటు మీటరు, లీటరు సీసా, బక్కెట్టు, గడియారం.

లెక్క సులభంగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఇంట్లో నలుగురు. బడి 4 కిలోమీటర్ల దూరం. నాన్న మోటారు సైకిలు మీద దింపి వస్తాడు.

మొదటి లెక్క: కరెంటు

సోమవారం ఉదయం 7 గంటలకు మీటరులోని అంకెను రాసుకోండి. మరుసటి సోమవారం అదే వేళకు మళ్లీ రాయండి. రెండిటికీ తేడాయే ఆ వారం మీరు వాడిన యూనిట్లు. దాన్ని 7తోనూ, ఇంట్లోవారి సంఖ్యతోనూ భాగించండి. మన ఉదాహరణలో వారానికి 28 యూనిట్లు అయ్యాయనుకుంటే, తలకు రోజుకు ఒక యూనిట్.

యూనిట్ అంటే 1000 వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే అయ్యే విద్యుత్తు. రామగుండం, కొత్తగూడెం, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వంటి చోట్ల ఉన్న థర్మల్ కేంద్రాల్లో ఒక యూనిట్ తయారు కావాలంటే దాదాపు 700 గ్రాముల బొగ్గు కాలాలి. మన బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. మీ ఇంట్లో బల్బు శుభ్రంగా వెలుగుతుంది కాని, దాని బూడిద అక్కడ గుట్టగా పేరుకుంటుంది.

శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి చోట్ల నీటితోనూ, ఇంకా సూర్యరశ్మితోనూ, గాలితోనూ కూడా విద్యుత్తు వస్తుంది కదా! అన్నీ కలిపి సగటు తీస్తే, మన దేశంలో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతోంది. కనుక మన అమ్మాయి కరెంటు లెక్క రోజుకు 700 గ్రాములు.

రెండవ లెక్క: వంట గ్యాసు

ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. కొత్త సిలిండరు పెట్టిన తేదీని క్యాలెండరు మీద రాసి ఉంచండి. అది ఎన్ని రోజులు వచ్చిందో చూడండి.

ఒక కిలో గ్యాసు కాలితే సుమారు 3 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. "ఒక కిలో కాలిస్తే మూడు కిలోలు ఎలా వస్తుంది?" అని అడిగారా? అడగాల్సిన ప్రశ్నే! గ్యాసు ఒంటరిగా కాలదు. గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకొని కాలుతుంది. కార్బన్ పరమాణు భారం 12. దానితో చేరే రెండు ఆక్సిజన్ పరమాణువుల భారం 32. మొత్తం 44. అంటే 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ అవుతుంది. కిలో వంటగ్యాసులో సుమారు 820 గ్రాముల కార్బన్ ఉంటుంది. 820ని 44తో గుణించి 12తో భాగించండి. మూడు కిలోలు వచ్చిందా? పదార్థం ఎక్కడినుంచో ఊడిపడలేదు. అదనపు బరువు గాలి ఇచ్చింది.

సిలిండరు 40 రోజులు వస్తే నలుగురిలో ఒకరి వాటా రోజుకు సుమారు 270 గ్రాములు.

ఇక్కడ ఒక మాట. గ్యాసు వల్ల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుందని చెప్పి అమ్మను మళ్లీ కట్టెల పొయ్యి దగ్గర కూర్చోబెట్టకూడదు. కట్టెల పొగ ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. కుక్కరు వాడడం, గిన్నె మీద మూత పెట్టడం, పప్పు ముందుగా నానబెట్టడం, ఇవి చాలు గ్యాసు ఆదా కావడానికి.

మూడవ లెక్క: బడికి ప్రయాణం

ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. అది కాలితే వచ్చే కార్బన్ డై ఆక్సైడ్ 2.3 కిలోలు. లీటరుకు 50 కిలోమీటర్లు వెళ్లే బండి అయితే కిలోమీటరుకు 46 గ్రాములు.

మన అమ్మాయి బడి 4 కిలోమీటర్లు. రానూ పోనూ 8 కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కాని బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఉదయం దింపడానికి 4, తిరిగి ఇంటికి 4. సాయంత్రం తీసుకురావడానికి వెళ్లేటప్పుడు 4, వచ్చేటప్పుడు 4. మొత్తం 16 కిలోమీటర్లు! 46 గ్రాముల చొప్పున సుమారు 740 గ్రాములు. రోజంతా ఆ అమ్మాయి వాడే కరెంటు కంటే ఇది ఎక్కువ.

బస్సులో వెళ్తే? ఆర్టీసీ బస్సు లీటరు డీజిలుకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తుంది. లీటరు డీజిలుకు 2.7 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ చొప్పున, కిలోమీటరుకు 540 గ్రాములు. "అమ్మో, బండి కంటే బస్సే ఎక్కువ!" అనుకోకండి. బస్సులో 40 మంది ఉంటే తలకు 13.5 గ్రాములే. ఎనిమిది కిలోమీటర్లకు సుమారు 110 గ్రాములు. అదే బస్సు అయిదుగురితో నడిస్తే తలకు 108 గ్రాములవుతుంది. అప్పుడు బండే నయం! బస్సు మేలు చేసేది నిండినప్పుడే.

బ్యాటరీ స్కూటరు పొగ వదలదు కదా అంటారు కొందరు. రోడ్డు మీద వదలదు. అది 100 కిలోమీటర్లకు సుమారు 3 యూనిట్లు తీసుకుంటుంది. అంటే కిలోమీటరుకు 21 గ్రాములు థర్మల్ కేంద్రం దగ్గర పడుతుంది. పెట్రోలు బండితో పోలిస్తే సగం కంటే తక్కువ. సున్నా మాత్రం కాదు. ఇంధనం లెక్కలో సున్నాకు వచ్చేవి రెండే: సైకిలు, మీ కాళ్లు.

నాలుగవ లెక్క: నీళ్లు

మీ బక్కెట్టు ఎన్ని లీటర్లు పడుతుందో లీటరు సీసాతో ఒకసారి కొలవండి. స్నానానికి, బట్టలకు, గిన్నెలకు, మరుగుదొడ్డికి రోజుకు ఎన్ని బక్కెట్లో గీతలు పెట్టుకోండి. చాలా ఇళ్లలో తలకు సుమారు 100 లీటర్ల దగ్గర తేలుతుంది. కొళాయి కారుతుంటే కింద గ్లాసు పెట్టి చూడండి. సెకనుకు ఒక చుక్క చొప్పున పడినా రోజుకు 4 లీటర్లు దాటుతుంది.

ఇదంతా కళ్లెదుట కనిపించే నీరు. ఇప్పుడు కంచం వైపు చూడండి.

వరి చేనికి పంటకాలంలో సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి. అంటే పొలమంతా 1.2 మీటర్ల ఎత్తున నీరు. ఎకరం సుమారు 4000 చదరపు మీటర్లు. 4000ను 1.2తో గుణిస్తే 4800 ఘనపు మీటర్లు, అంటే 48 లక్షల లీటర్లు. ఆ ఎకరంలో 24 క్వింటాళ్ల ధాన్యం పండి, మర పట్టిస్తే 16 క్వింటాళ్ల బియ్యం వచ్చాయనుకుందాం. 48 లక్షలను 1600తో భాగించండి. కిలో బియ్యానికి 3000 లీటర్లు!

ఒక పూట అన్నానికి 150 గ్రాముల బియ్యం అయితే, మీ కంచంలో 450 లీటర్ల నీరు ఉన్నట్టు. స్నానానికి రెండు బక్కెట్లా, మూడు బక్కెట్లా అని మనం వాదించుకుంటాం. చివరికి కంచంలో వదిలేసిన పిడికెడు అన్నం సుమారు 75 గ్రాములు, బియ్యంగా చూస్తే 25 గ్రాములు. అది 75 లీటర్ల నీరు. దాదాపు నాలుగు బక్కెట్లు!

ఆ నీరంతా మాయమైపోదు. కొంత ఆవిరి అవుతుంది, కొంత భూమిలోకి ఇంకి మళ్లీ బావులకు చేరుతుంది. కాని బోరు కింద పండే వరి అయితే, ఇంకిన నీటిని మళ్లీ పైకి తోడాలి. 60 మీటర్ల లోతు నుంచి 450 లీటర్లు తోడడానికి చేసే పని ఎంత? ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు, ఈ మూడింటి లబ్ధం: 450 × 9.8 × 60 = 2,64,600 జౌళ్లు. యూనిట్ విద్యుత్తు అంటే 36 లక్షల జౌళ్లు. పంపు, మోటారు వృథా చేసేదీ కలుపుకుంటే ఒక పూట అన్నానికి సుమారు 0.2 యూనిట్. ఈ కరెంటు మీ ఇంటి మీటరులో ఎప్పుడూ తిరగదు. గోదావరి, కృష్ణా కాలువల కింద పండిన బియ్యానికి ఈ తోడుడు ఖర్చు లేదు.

నీరు నిలిచిన మడిలో, గాలి ఆడని బురదలో ఉండే సూక్ష్మజీవులు మీథేన్ వాయువును కూడా పుట్టిస్తాయి. అది కార్బన్ డై ఆక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. మడిని ఒకసారి తడిపి, ఒకసారి ఆరనిచ్చే పద్ధతిలో నీరూ ఆదా అవుతుంది, మీథేనూ తగ్గుతుంది. శ్రీ వరి సాగులో రైతులు పాటించేది ఈ సూత్రమే. జొన్న, రాగి, సజ్జ వంటివి వానల మీదే పండుతాయి. వారంలో రెండు పూటలు అవి తిన్నా లెక్క మారుతుంది.

లెక్క కూడదాం

మన అమ్మాయి బడి ఉన్న రోజున వేసిన గుర్తు, కార్బన్ డై ఆక్సైడ్ గ్రాముల్లో:

కరెంటు 1 యూనిట్ – 700
వంట గ్యాసు వాటా – 270
బడికి బండి – 740
మొత్తం – 1710

తిండి, బట్టలు, పుస్తకాలు, బడి భవనం, రోడ్లు ఇందులో చేరలేదు. ఇది ఇంటినుంచి కొలవగలిగిన భాగం మాత్రమే. మన దేశంలో తలసరి లెక్క ఏడాదికి సుమారు 2 టన్నులు. ప్రపంచ సగటు అందుకు రెట్టింపు పైనే. అమెరికాలో సుమారు 14 టన్నులు.

లెక్క నేర్పే మూడు పాఠాలు

మొదటిది: కళ్లకు కనిపించేదీ, నిజంగా పెద్దదీ ఒకటి కావు. ఫోను తీసేశాక ఛార్జరును ప్లగ్గులో వదిలేస్తే ఇంట్లో కోప్పడతారు. దాని వాడుక సుమారు 0.1 వాట్. రోజంతా ఉంచినా రెండు గ్రాముల లోపే. బండి మీద బడి ప్రయాణం దానికి నాలుగు వందల రెట్లకు పైగా ఉంది! 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు హీటరుతో కాచితే 0.3 యూనిట్. ఆ కరెంటుతో ఒక ఫోనును సుమారు 20 సార్లు నింపవచ్చు. ఛార్జరు తీయడం మంచి అలవాటే. కాని అది తీసి "నా వంతు అయిపోయింది" అనుకుంటే లెక్క తప్పినట్టే.

రెండవది: అవసరం వేరు, వృథా వేరు. మే నెలలో రేకుల ఇంట్లో తిరిగే ఒక్క ఫ్యాను అవసరం. దాన్ని ఆపమని ఏ శాస్త్రమూ చెప్పదు. ఖాళీ గదిలో నాలుగు గంటలు తిరిగిన 75 వాట్ల ఫ్యాను వృథా. అది 0.3 యూనిట్, 210 గ్రాములు. ఈ లెక్క ఎవరు తక్కువ తిన్నారో, ఎవరు ఎక్కువ చెమట కార్చారో తేల్చే పోటీ కాదు. మీ స్నేహితురాలి పాదముద్ర చిన్నదిగా ఉంటే, ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేకపోవడమే దానికి కారణం కావచ్చు. ఆమె ఇంటికి ఫ్రిజ్ రావాలి. తగ్గవలసింది వృథా దగ్గర.

మూడవది: కొంత నా చేతిలో ఉంది, కొంత మన చేతిలో ఉంది. మన అమ్మాయి సైకిలు తొక్కితే రోజుకు 740 గ్రాములు తగ్గుతుంది. 220 పని దినాలకు సుమారు 160 కిలోలు. కాని ఆ దారిలో లారీల మధ్య సైకిలుకు చోటు లేకపోతే, నాన్న ఎలా పంపిస్తాడు? పంపకపోవడమే న్యాయం. అప్పుడు ఆ 740 గ్రాములు ఆమె ఒక్కదాని బరువు కాదు, ఊరి బరువు. బడి వేళకు ఒక బస్సు నడపమని తరగతి అంతా కలిసి డిపో మేనేజరుకు అర్జీ రాయవచ్చు. దగ్గరి పిల్లలంతా ఒక గుంపుగా నడిచి రావచ్చు. అర్జీతోపాటు "మా బడికి రోజూ ఇన్ని బండ్లు, ఇన్ని కిలోమీటర్లు" అనే మీ పట్టికను జత చేయండి. అంకెలున్న అర్జీని పక్కన పడేయడం అంత తేలిక కాదు.

ఒక మంచి ప్రశ్న

"మాస్టారూ, మనం ఊపిరి వదిలినప్పుడు కూడా కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది కదా, దాన్ని కలపలేదేం?" అని పిల్లలు అడుగుతారు. నిజమే. మనిషి రోజుకు దాదాపు ఒక కిలో వదులుతాడు. కాని ఆ కార్బన్ మనం తిన్న అన్నంలోది. వరి మొక్క దాన్ని కొద్ది నెలల ముందే గాలినుంచి తీసుకుంది. తీసుకున్నది తిరిగి ఇచ్చాం, చెల్లు. బొగ్గు, పెట్రోలు సంగతి అలా కాదు. అవి కోట్ల ఏళ్లు భూమిలో దాగిన కార్బన్. వాటిని తవ్వి కాల్చితే గాలిలో కొత్తగా చేరుతుంది. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు, గాలిలో ప్రతి పది లక్షల భాగాల్లో సుమారు 315 భాగాలు కార్బన్ డై ఆక్సైడ్. 2024లో అది 420 దాటింది. ఒక మనిషి జీవితకాలంలోపే ఇంత మార్పు!

మీరే చేయండి

మొదటి వారం ఏమీ మార్చకుండా కేవలం కొలవండి. అందులో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో గుర్తించండి. రెండవ వారం ఆ ఒక్కదాన్నే తగ్గించే ప్రయత్నం చేసి, మళ్లీ కొలవండి. రెండు వారాల పట్టికలనూ పక్కపక్కన పెట్టి తరగతిలో చూపండి. తగ్గకపోతే, ఎందుకు తగ్గలేదో రాయండి. అది కూడా ఫలితమే.

ఈ లోగా ఈ మూడు లెక్కలు చేయండి:

1. తరగతి గదిలో 75 వాట్ల ఫ్యాన్లు 4 ఉన్నాయి. భోజన విరామంలో రోజూ గంటసేపు ఖాళీ గదిలో తిరుగుతున్నాయి. 220 రోజులకు ఎన్ని యూనిట్లు? ఎంత కార్బన్ డై ఆక్సైడ్?

2. మన ఉదాహరణలోని బస్సులో 60 మంది ఉంటే కిలోమీటరుకు తలకు ఎన్ని గ్రాములు?

3. బడిలో మధ్యాహ్న భోజనం చేసే 200 మంది పిల్లలు ఒక్కొక్కరు 75 గ్రాముల అన్నం వదిలేశారు. ఎన్ని లీటర్ల నీరు వృథా అయింది?

జవాబులు: 1. 66 యూనిట్లు, సుమారు 46 కిలోలు. ఒక సిలిండరు గ్యాసంతా కాలితే వచ్చే దానికంటే ఎక్కువ. 2. 9 గ్రాములు. 3. 15,000 లీటర్లు, అదీ ఒక్క పూటకే.